చలికాలంలో కందికట్టు

తెలుగు నుడికారంలో పప్పుకు దక్కిన మర్యాద చాల తక్కువ. మందకొడి మనిషిని ముద్దపప్పు అంటారు. ఏమీ చేతకానివానిని సుద్దపప్పు అంటారు. పొరపడినవాడు పప్పులో కాలు వేసినవాడు. ఎత్తు పారనివానితో నీ పప్పులు ఇక్కడ ఉడకవని చెబుతారు. ఇక చారు సంగతి చెప్పనక్కరలేదు. విందులో వడ్డన కొంచెం పలుచబడితే చాలు, చారునీళ్లని ముఖం చిట్లిస్తారు. రెండు పూటలా విస్తట్లో వడ్డించుకొనే వస్తువును ఇంతగా తూలనాడిన జాతి మరొకటి ఉన్నదో లేదో గాని, ఈ తూలనాడడం వెనుక ఒక పొరపాటు ఉన్నది. పలుచనిదంతా పస లేనిదేనన్న పొరపాటు అది.

అది ఎంత పొరపాటో తెలియవలెనంటే ధనుర్మాసపు రాత్రి ఒకటి కావలెను. పొద్దు త్వరగా వాలిపోతుంది. ఆదిలాబాదులోను, చింతపల్లి మన్యంలోని లంబసింగిలోను డిసెంబరు, జనవరి నెలలలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పోవడం వింత కాదు. కోస్తా జిల్లాలలో అంత చలి లేకపోయినా, తెల్లవారుజామున మంచు కురిసి గోడలు చెమర్చే రోజులవి. అట్టి రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన మనిషికి కూరలు నాలుగు ఉన్నవా, ఐదు ఉన్నవా అన్న చింత ఉండదు. వంటింట్లో మిరియం దంచిన వాసన, ఇంగువ తాలింపు చిటపట, పొయ్యి మీద పొంగుకు వచ్చిన చారు ఇవి చాలును. వేడి అన్నంలో గుంట చేసి, నేతిబొట్టు వేసి, గరిటెడు చారు పోసుకొంటే మొదటి ముద్దకే ముక్కు తెరుచుకొంటుంది.

చలికాలానికి ఈ చారు తగినది కావడానికి మరొక కారణం కూడ ఉన్నది. కొత్త కంది వచ్చే కాలం ఇదే. తొలకరికి విత్తిన కంది కార్తీకంలో పూసి, పుష్య మాఘాలలో కోతకు వస్తుంది. ఇతర పైరులన్నీ ఇల్లు చేరిన తరువాత కూడ కంది మాత్రం చేలో నిలిచి, మంచు త్రాగి గింజ కట్టుకొంటుంది. తెలంగాణలో తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడి నేల గుణం గింజలో ఉన్నదని రైతులు ఎంతో కాలంగా చెప్పుకొన్న మాటకు అది రాజముద్ర. పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ ఆధ్వర్యంలో శాస్త్రజ్ఞులు కంది జన్యుక్రమాన్ని 2011లో వెల్లడించినారు. ఇంత విద్వత్తు వెచ్చించిన గింజను సుద్దపప్పు అనడానికి మనకు నోరెట్లా వచ్చినదో!

కట్టు అన్న మాటను గురించి కూడ కొంత చెప్పవలెను. నేటి పట్టణపు పిల్లలలో పలువురికి కట్టు అంటే దెబ్బకు చుట్టే గుడ్డ మాత్రమే. ఉడికిన పప్పు మీద తేరిన నీటికి అది పేరు. కందికట్టు, పెసరకట్టు, శనగకట్టు అని దేని కట్టు దానిదే. కన్నడిగులకు కట్టిన సారు ఉన్నది. మహారాష్ట్రులు పూరణపోళీ చేసిననాడు పప్పు వార్చిన నీటితో కటాచీ ఆమ్టీ చేసుకొంటారు. మన ఇళ్లలోను బొబ్బట్లు చేసిననాడు శనగపప్పు వార్చిన నీరు పారబోయరు. దానితోనే చారు పెడతారు. పండుగనాటి తీపి తిని తిని మొగము మొత్తిన నాలుకకు ఆ చారే ఊరట. ఆయుర్వేదంలో దీనికి యూషమని పేరు. జ్వరం విడిచి లేచినవానికి పెట్టే పెసరకట్టు ముద్గయూషము. గింజలోని సారం నీటిలోకి దిగినప్పుడే ఆ నీటికి ఒక పేరు పెట్టినారన్నది ఇందులో గమనింపదగినది. వట్టి నీటికి కట్టు అన్న గౌరవం లేదు.

సారం నీటిలోకి దింపడమే ఈ వంటలోని విద్య అంతా. నలుగురున్న ఇంటికి ఒక పెద్ద గుప్పెడు కందిపప్పు, సుమారు 60 గ్రాములు చాలును. దానిని దోరగా వేయించి, కడిగి, అరగంట నానవేసి, ఐదు రెట్ల నీటిలో చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె వేసి ఉడికించవలెను. నూనె చుక్క నురుగును అణచుతుంది. ఉప్పు ఎప్పుడు వేయవలెనన్నదానిపై ఇంటింటికీ మతభేదమున్నది గాని, పులుపు విషయంలో మాత్రం లేదు. పప్పు చేతితో నలిపితే వెన్నవలె నలిగేదాకా చింతపండు ఆ గిన్నె దరికి రాకూడదు. గింజలోని కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం ఉడుకునీటిలో కరిగినప్పుడే పప్పు మెత్తబడుతుంది. పులుపు ఆ కరగడాన్ని అడ్డుకొంటుంది. సున్నపుపాలు హెచ్చుగా ఉన్న బోరునీటితోను, ఉక్కపోతలో చాలకాలం నిలువ ఉన్న పప్పుతోను ఇట్టి బెడదయే. నీ పప్పులు ఉడకవన్న సామెత వెనుక ఎందరు ఇల్లాండ్రు ఇట్టి నీటితో పడిన పాట్లున్నవో! ఆమ్లాల పాఠం చెప్పే ఉపాధ్యాయుడు రెండు చిన్న గిన్నెలు తెచ్చి, ఒకదానిలో పప్పును వట్టి నీటితోను, రెండవదానిలో చింతపండు రసంతోను ఉడికించి చూపితే, ఆ పాఠం విద్యార్థులు పరీక్ష అయిన తరువాత కూడ మరువరు.

ఉడికిన పప్పును పప్పుగుత్తితో మెదిపి, రెండు మూడు గ్లాసుల వేడినీరు పోసి కలిపి, కొంతసేపు కదపక ఉంచితే పైన తేట తేరుతుంది. ఆ తేటను వంచుకొంటే కట్టు. అడుగున నిలిచినదానిలో ఉప్పు వేసి నేయి కలిపితే పిల్లలకు ముద్దపప్పు. తేట వంచక మొత్తము కలిపి కాస్తే పప్పుచారు. ఒక్క గుప్పెడు గింజలతో ఇంటిల్లిపాదికి రెండు వంటకాలు సమకూర్చిన ఆ గృహిణి ఎవరో, ఆమె పేరు ఏ చరిత్రలోను లేదు.

చింతపండు నిమ్మకాయంత. దానిని గోరువెచ్చని నీటిలో నానవేసి, పిసికి, పిప్పి తీసి, ఆ రసాన్ని ఉప్పు, కరివేపాకు, చీల్చిన పచ్చిమిరపకాయ, చిన్న బెల్లపు ముక్కతో కాయవలెను. పూర్వం దీనికి రాచ్చిప్ప వాడేవారు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెకు పులుపుతో వైరం. రాతికి ఆ వైరం లేదు. పైగా పొయ్యి దింపిన తరువాత కూడ రాచ్చిప్పలో చారు కొంతసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. చలికాలంలో ఆలస్యంగా వచ్చేవానికి అది ఎంత ఉపకారమో వేరే చెప్పనక్కరలేదు. నేడు స్టీలు గిన్నె ఆ పని నిరపాయంగా చేస్తుంది. వేడి నిలుపుకొనడం మాత్రం దానికి చేతకాదు.

పులుసు పచ్చివాసన పోయిన తరువాతనే కట్టు పోయవలెను. అప్పుడే దంచిన మిరియాలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు అందులో పడవలెను. అక్కడ నుంచి నిలుచున్న చోటు కదలరాదు. పొంగు రాగానే దింపివేయవలెను. మిరియపు కారం ఎంత మరిగినా ఉంటుంది గాని, మిరియపు వాసన ఆవిరితో ఎగిరిపోతుంది. వీధి చివరకు వాసన వచ్చిన చారులో ఇంటివారికి మిగిలేది తక్కువ. చివరకు నేతిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకు తాలింపు పెట్టి వెంటనే మూత వేయవలెను.

మిరియం ఇక్కడ అలంకారం కాదు, ఇదే పాతకారం. మిరపకాయ అమెరికా ఖండం నుంచి బుడతకీచుల ఓడలలో మన తీరానికి వచ్చినది. అంతకు ముందు తెలుగు వంటకు కారమిచ్చిన వాటిలో మిరియమే ముఖ్యం. కొత్త కాయకు పెట్టిన పేరులో కూడ పాత మిరియపు జాడ ఉన్నది. పదహారవ శతాబ్దపు తొలినాళ్లలో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని అతిథిసేవ వర్ణిస్తూ, వానకు, ఎండకు, చలికి ఏ భోజనం పెట్టినాడో వేరువేరుగా చెప్పినాడు. చలికాలపు విస్తట్లో మిరియపు పొడి పట్టించిన వేడికూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్లు, చేయి చురుక్కుమనిపించే నేయి ఉన్నవి. చారు మాత్రం వేసవి వంతుకు వచ్చినది, అదీ తియ్యనిది. రాజ్యాలు ఏలినవాడు అతిథి విస్తట్లో ఏ ఋతువుకు ఏది చల్లన, ఏది వెచ్చన అని లెక్క చూచుకొన్నాడన్నది తరగతి గదిలో చెప్పవలసిన సంగతి. అలంకారాల జాబితాకు ముందు చెబితే మరీ మంచిది. వేసవి చారును, చలికాలపు మిరియాన్ని ఒక గిన్నెలో కలిపిన ఘనత మాత్రం ఏ రాజుదీ కాదు, వంటిళ్లది. తమిళుల మిళగుతణ్ణీరు, అనగా మిరియపు నీరు, ఆంగ్లేయుల నోట ముల్లిగటానీ అయి, మాంసం కలుపుకొని దొరల బల్లలెక్కినది. నీరన్న మాటను పేరులోనే పెట్టుకొని కూడ దానికి ఎక్కడా చిన్నతనం రాలేదు.

పలుచనిది ఎంత పసగలదో చూడగోరేవారు ఉలవచారు వైపు కూడ చూడవలెను. కృష్ణా, గుంటూరు మండలాల రైతుల ఇళ్లలో ఎడ్లకు, పాడిపశువులకు ఉలవలు ఉడకవేసేవారు. గింజ పశువుకు, నీరు మనిషికి. ఆ నీటిని చింతపండుతో సన్నని సెగ మీద గంటల తరబడి మరగనిస్తే చిక్కబడి నల్లనవుతుంది. దానిలో వెన్నో మీగడో వేసుకొని తినడం చలికాలపు భోగం. అరక దున్నే ఎద్దు, పొయ్యి దగ్గర రైతు ఒకే గింజను పంచుకొన్న సంసారమది. ట్రాక్టరు వచ్చి ఎద్దు వెళ్లిపోయిన తరువాత ఉలవచారు పెళ్లివిందుకు, హోటలుకు ఎక్కినది. దాని పేరు బిరియానీతో జతపడి 2014లో ఒక సినిమాకు పేరు కూడ అయినది. నీటి కోసమే గింజను ఉడికించే కాలం వచ్చినదన్నమాట. దీనికి చింతించవలసినదేమీ లేదు గాని, ఎద్దు వంతు ఇప్పుడు ఎవరికి పోతున్నదో అడిగి తెలుసుకోవడం మంచిది.

పలుచన చేయడం వేరు, నీళ్లు కలపడం వేరు. కట్టులో నీరు ఎక్కువే. ఆ నీరు మొదటి నుంచి గింజతో కలిసి ఉడికినది, గింజలోనిది తనలోకి తీసుకొన్నది. ఉడికి ముగిసిన తరువాత, తినేవారు పెరిగినారని చెంబెడు చన్నీళ్లు గుమ్మరిస్తే అది కట్టు కాదు. నాలుకకు ఈ భేదం వెంటనే తెలుస్తుంది. భాషకు మాత్రం తెలియలేదు కాబట్టి రెండింటినీ చారునీళ్లన్నది. ఈ భేదం పరీక్షాపత్రాలు దిద్దే ఉపాధ్యాయులకు కూడ కొత్త కాదు. అరపుటలో సారమంతా దిగిన సమాధానం ఒకటి, నాలుగు పుటలు నింపిన సమాధానం ఒకటి వారి చేతికి ఏటేటా వస్తూనే ఉన్నవి. మార్కులు ఏది ఎక్కువ తెచ్చుకొంటున్నదన్నది వేరే వ్యాసానికి తగిన విషయము.

అంగడిలో దొరికే చారుపొడిని గురించి కొందరు మరీ కఠినంగా మాట్లాడతారు. అంత అక్కరలేదు. ధనియాలు, మిరియాలతో పాటు కొంత కందిపప్పు వేయించి కొట్టిన చారుపొడి అమ్మమ్మల కాలం నుంచి ఉన్నదే. ప్రెషర్ కుక్కరును నిందించడము కూడ వృథా. అది కట్టెలు, కాలము మిగిల్చినది గాని సారాన్ని దొంగిలించలేదు. తప్పు ఎక్కడ జరుగుతున్నదంటే, చెంచా పొడి వేడినీటిలో కలిపి గుప్పెడు పప్పు ఉడికించినంత ఫలం వచ్చినదనుకోవడంలో. పులుపు, కారం, వాసన మూడూ ఉంటవి. నాలుక సంతోషిస్తుంది. కడుపుకు చేరినది మాత్రం ఏమీ లేదు. నగరంలో గది తీసుకొని పరీక్షలకు చదివే కుర్రవాడు చలికాలపు రాత్రులలో ఈ పొడినీటితో అన్నం తిని, అర్ధరాత్రికి మళ్లీ ఆకలితో లేస్తాడు. వానికి కావలసినది ఒక పొయ్యి, ఒక గిన్నె, గుప్పెడు పప్పు, ముప్పావు గంట ఓపిక. ఈ విద్య ఆడపిల్లకే నేర్పి మగపిల్లవానిని గదికి పంపిన తల్లిదండ్రులదే ఆ ఆకలిలో సగం పాలు.

ఇంట్లో తిన్నా తినకపోయినా కోట్లాది పిల్లలకు మధ్యాహ్నం బడిలో అన్నం దొరుకుతున్నది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనమే పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించినది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. గోదావరి లంకల మధ్య, లంకలగన్నవరంలో, వేళ కాని వేళ వచ్చినవానికి కూడ అన్నం లేదనక పెట్టి 1909లో కన్నుమూసిన ఇల్లాలు ఆమె. ఆమె పేరు పెట్టుకొన్న పంక్తిలో చారు ఎట్లా ఉండవలెనన్నది చిన్న ప్రశ్న కాదు.

జాతీయ నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లవానికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. ఆపై ఎనిమిదవ తరగతి వరకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు. ఇరవై గ్రాములే కదా అని పెదవి విరిచేవారున్నారు. పైన చెప్పిన ఇంటి లెక్క ఒకసారి చూడండి. నలుగురికి 60 గ్రాములంటే మనిషికి 15 గ్రాములు. అంటే కాగితం మీద బడిపిల్లవాని చారు ఇంటి చారు కన్న చిక్కనిది! నూరుగురు పిల్లలకు రెండు కిలోల పప్పు మెత్తగా ఉడికి పాతిక లీటర్ల చారైతే, ఒక్కొక్కరికి పావు లీటరు వస్తుంది. కందిపప్పులో మాంసకృత్తులు సుమారు నూటికి 22 వంతులు కాబట్టి, ఆ పావు లీటరులో నాలుగు గ్రాములకు పైగా మాంసకృత్తులుంటవి. చలికాలపు మధ్యాహ్నం ఉదయం ఏమీ తినకుండా వచ్చిన పిల్లవానికి అది వేడిగా అందితే చాల మేలు. పళ్లెంలో పోసినప్పుడు అడుగు గీతలు కనబడితే ఆ తప్పు చారుది కాదు. పప్పు గోదాము నుంచి గిన్నెకు వచ్చేలోపల ఎక్కడనో తగ్గినది, లేదా ఉడకకముందే దింపినారు.

వంట చేసే స్త్రీలను నిందించడం అన్నిటికన్న సులభమైన పని. ఎక్కువమంది చేసేదీ అదే. వారికి రావలసిన బిల్లులు నెలల తరబడి నిలిచిపోయిన వార్తలు పత్రికలలో తరచు కనబడుతూనే ఉన్నవి. కిరాణా కొట్టులో అప్పు పుట్టనినాడు మొదట పలుచనయ్యేది చారే. అన్నం తగ్గితే పిల్లవాడు అడుగుతాడు, గ్రుడ్డు లేకపోతే తల్లి అడుగుతుంది. చారులో పప్పు తగ్గితే అడిగేవారు లేరు, ఎందుకంటే చారంటే నీళ్లేనని అందరూ చిన్ననాటి నుంచి విని ఉన్నారు. నుడికారం చేసిన అపకారం అక్కడ అన్నంలోకి వస్తున్నది.

పిల్లలకు వడ్డించడానికి ముందు ఉపాధ్యాయుడు రుచి చూడవలెనన్న నిబంధన ఒకటి ఉన్నది. దాని కోసం ఒక పుస్తకం, అందులో సంతకం కూడ ఉన్నవి. చాలచోట్ల రుచి చూచేది ఉప్పు సరిపోయినదా అని మాత్రమే. చారును రుచి చూచే పద్ధతి వేరు. ఒక గ్లాసులో పోసి పది నిమిషాలు కదపక ఉంచవలెను. పైన తేట, కింద పసుపుపచ్చని పప్పు మందంగా తేరితే సరి. గింజలు విడివిడిగా, గట్టిగా అడుగున పడి ఉంటే పొయ్యి త్వరగా ఆరినదని అర్థం. ఏమీ తేరకపోతే సంతకం పెట్టక ముందు వంట చేసిన ఆమెను పక్కకు పిలిచి, కోపగించుకోకుండా, పప్పు ఎంత వచ్చినదో, బిల్లు ఎన్నాళ్లయి రాలేదో అడగవలెను. ఆ జవాబు కూడ పుస్తకంలో చేరవలెను.

వడ్డనలో కూడ ఒక చిన్న సంగతి ఉన్నది. చారు నిలిచేకొద్దీ పప్పు అడుగుకు పోతుంది. గరిటె పైపైన ముంచితే మొదటి వరుస పిల్లలకు తేట, చివరి వరుసకు మడ్డి వస్తుంది. మొదట కూర్చునేవారు చిన్న తరగతులవారు. కాబట్టి ప్రతి పళ్లెం దగ్గర గరిటెను అడుగంటా దించి, ఒక్కసారి తిప్పి, పైకెత్తి పోయవలెను. నూరు పళ్లాలకు నూరుసార్లు చేయి తిప్పడం కష్టమే. భుజం నొప్పి పుడుతుంది. వరుసలో నిలుచున్న ఎనిమిదవ తరగతి పిల్లలు ఇద్దరు ముందుకు వచ్చి గరిటె అందుకొంటే ఆ నొప్పి కొంత తగ్గుతుంది, గిన్నె అడుగున ఎంత పప్పు ఉన్నదో వారి చేతికే తెలుస్తుంది.